మొగ కొట్టని ఏడాది

రాజమండ్రి,
ఈస్టరు ఆదివారం, ఏప్రిల్ 20, 2025

అత్తా,

చాలా ఏళ్ళుగా నాలో నేనే మోస్తున్న ప్రశ్న ఒకటి ఇవాళ నిన్ను అడుగుతున్నాను. ఎవరి మీదైతే మనకి రవ్వంత గౌరవం కూడా లేదో ఆ మనుషుల పక్కన కూర్చుని మంచి పని చెయ్యొచ్చా? చేస్తే ఆ పని మంచిగానే మిగులుతుందా, వాళ్ళ వాసన దానికీ అంటుకుంటుందా?

ఫోన్లో అడిగేదాన్నే. కానీ నీ చెవికి నా గొంతు కప్ప అరుపులా వినిపిస్తోందన్నావు కదా. అదీ మంచిదే అయింది. ఫోన్లో అయితే నువ్వు సగంలోనే "సోది ఆపి విషయం చెప్పవే" అనేదానివి.

మొన్న గురువారం మన కాలువ మీదున్న ఏడు పంచాయితీల సర్పంచులనీ ఇక్కడ ఒక హోటల్‌కి పిలిచారు. కాలేజీలో భూగోళం చెప్పేదాన్ని కాబట్టి నన్ను నిపుణురాలని పిలిచారు. మొగపాలెం సర్పంచ్‌వి కాబట్టి నీకూ పిలుపు వచ్చే ఉంటుంది, నువ్వు రాలేదు. స్టేజీ వెనక ఫ్లెక్సీ: "ఏడు ఊళ్ళు, ఒకే వాతావరణం". దాని మీద అందరికంటే పెద్ద బొమ్మ చింతలకోడు సర్పంచ్ గణేష్‌బాబు గారిది. భూగోళం బొమ్మ కూడా ఉంది, ఆయన చెవి పక్కన, నిమ్మకాయంత. భూమి వేడెక్కిపోతోందని ఆయన గంట సేపు చెప్పారు. ఏసీ ఎంత పెట్టారంటే నేను కొంగు భుజాల నిండా కప్పుకున్నాను, పక్కనాయన తుమ్ములు ఆపుకోలేకపోయాడు. ప్లాస్టిక్ వద్దని ప్రమాణం చేయించి, ప్లాస్టిక్ కాగితం చుట్టిన పూలగుత్తులు ఇచ్చారు. కాలువ నీళ్ళు తాగేసే చేపల చెరువుల మీద ఎవరూ నోరెత్తలేదు. ఎత్తరు కూడా, భోజనంలో కొరమీను ఆ చెరువుల్లోదే.

ఇంత జరిగాక కూడా నేను నిన్ను అక్కడ రాసిన ఏడూళ్ళ ఒప్పందం మీద సంతకం పెట్టమనే అడుగుతున్నాను. ఎందుకంటే అందులో ఒక్క మాట నిజం. రెండేళ్ళుగా కోసిన వరి పనలు చేలోనే నాని మొలకలొచ్చాయి కదా. నవంబరు తుఫాను మనల్ని వదలదు, మనమే దాని దారిలోంచి తప్పుకోవాలి. జూన్ మొదట్లోనే నీళ్ళు వదిలితే, ఏడూళ్ళూ ఒకేసారి వరినారు ఆకుమళ్ళు పోస్తే, అక్టోబరు ఆఖరికి తొలి పంట సార్వా ఇంటికొచ్చేస్తుంది. ఏ ఒక్క ఊరో చేస్తే ఇది పనికిరాదు. కాలువ ఒకటే కదా, అందరూ కలిస్తేనే అవుతుంది.

వాళ్ళని నమ్మమనడం లేదు. లెక్కని నమ్ము.

పునరుత్థానపు పండగ శుభాకాంక్షలతో, గుడికి వెళ్ళకుండానే,
నీ మేనకోడలు
సారిక


మొగపాలెం,
మే 2

సారికా,

నీ ఉత్తరం అందింది. పండగ పూట గుడి ఎగ్గొట్టి నాకు ఉత్తరం రాశానని మెప్పు కోరుకుంటున్నావేమో. పాస్టరుగారు అడిగితే నీకు జ్వరమని చెప్పాను. ముప్పై నాలుగేళ్ళు పిల్లలకి నిజం చెప్పమని నేర్పినదాన్ని, నీ కోసం అబద్ధం ఆడాను. అది నీ లెక్కలో రాసుకో.

హోటల్‌కి ఎందుకు రాలేదంటావు. పిలుపు కాగితంలో మన ఊరి పేరే తప్పు రాశారు. ఇంకో ఊరి సర్పంచ్‌కి వచ్చిన పిలుపు నేనెలా తీసుకోను?

ఇక నీ ప్రశ్న. నేను సర్పంచ్ అయ్యాక నాకు గౌరవం ఉన్న మనిషి పక్కన కూర్చున్న గుర్తే లేదు. అలాగని పని మానేస్తే మన ఊరికి మంచినీళ్ళ చెరువు కూడా నిండదు.

సంతకం పెట్టాను. గణేష్‌బాబు మొహం చూసి కాదు, నీ మొహం చూసి. ఆదివారం ఆరాధన అయ్యాక అందర్నీ ఆపి చెప్పాను, ఈసారి జూన్ మొదటి వారంలోనే ఆకుమళ్ళు పొయ్యాలని. చిట్టియ్య లేచి, "టీచరుగారూ, నీళ్ళు పైనుంచి రావాలి కదండీ, పైనోళ్ళు మనకి ఎప్పుడు ముందిచ్చారు?" అన్నాడు. మా సారిక లెక్క కట్టింది, వస్తాయి అన్నాను. "సారికమ్మ గారు కట్టారా, అయితే పోసేద్దాం" అని కూర్చున్నాడు. చూశావా, నీ పేరు చెప్పుకుని బతుకుతున్నాం.

ఇంకో సంగతి. ఏటా తొలకరికి ముందు మనవాళ్ళు మొగ కొట్టడానికి వెళ్తారు కదా. పై ఊళ్ళ మురుగంతా మోసుకొచ్చే కోడు సముద్రంలో కలిసే చోట వేసవంతా ఇసక మేట వేసి మూసుకుపోతుంది. మనవాళ్ళు సముద్రం వెనక్కి తగ్గే పాటు వేళ చూసి పారలతో కోస్తే గానీ పై ఆరూళ్ళ వాననీరు దిగదు. మా నాన్న కొట్టాడు, మీ నాన్న కొట్టాడు. ఆరూళ్ళలో ఒక్కడు వచ్చి ఇంత మజ్జిగ పోసిన పాపాన పోలేదు. ఏడూళ్ళూ కలిసి పని చేస్తున్నాయంటున్నావు కాబట్టి అడుగుతున్నాను, ఆ మొగ సంగతి మీ ప్లాన్‌లో ఉందా?

దేవుడు నీకు కాస్త వినయం ఇచ్చుగాక.
మీ అత్త
సంపూర్ణమ్మ


రాజమండ్రి,
మే 14

అత్తా,

లేదు. మొగ ప్లాన్‌లో లేదు.

నేను కమిటీలో చెప్పాను, వాళ్ళు వినలేదని రాస్తే తేలిగ్గా ఉండేది. చెప్పాను, కానీ గట్టిగా చెప్పలేదు. గణేష్‌బాబు గారు నవ్వి, "అది వాళ్ళ ఊరి అలవాటు కదండీ మేడమ్, ఎలాగూ చేస్తారు. చేసేదాన్ని ప్లాన్‌లో పెడితే పనిలేని పని" అన్నారు. ఇరిగేషన్ ఇంజనీరుగారు కూడా తల ఊపారు. ఆయన తల ఎటు గాలి వీస్తే అటు ఊగుతుంది, ఆ మాట వేరే. నాకూ ఆ క్షణంలో నిజమే కదా అనిపించింది. ఏటా జరిగేదే, ఎవరూ మానరు. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నదాన్ని పథకమని రాయడం నాకూ వింతగానే తోచింది.

కానీ నీళ్ళ వంతు గురించి పట్టుబట్టాను. నీళ్ళు వదిలిన మొదటి వారం చేపల చెరువులకి పెట్టకూడదని, కాలువ చివరనున్న శివారు ఊళ్ళ ఆకుమళ్ళకే వెళ్ళాలని రాయించాను. అందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోవడం వాళ్ళకి ఎంత సులువో! టీ తాగినంత సులువు. ఒకాయన అయితే ఏ పేజీ మీద సంతకం పెడుతున్నాడో చూడకుండా, ఫోన్లో రొయ్యల ధర మాట్లాడుతూనే పెట్టేశాడు.

మొన్న మొక్కలు నాటే కార్యక్రమం కూడా అయింది. పై ఊళ్ళ సర్పంచులు ఆరుగురూ ఒకే మొక్కని పట్టుకున్నారు, ఫొటోలో అందరూ పడాలని. పాపం ఆ మొక్క వేరు అక్కడే తెగిపోయి ఉంటుంది.

మీ ఊరు మాత్రం ఆలస్యం చెయ్యొద్దు. శివారు కాబట్టి మీరే ముందు పొయ్యాలి. కొంచెం ఓపిక పడితే ఈ ఏడాది గట్టెక్కుతారు.

ఇక్కడ ఎండ చంపేస్తోంది. కాలేజీ పేపర్లు దిద్దుతున్నాను. "డెల్టా అనగా నేమి?" అన్న ప్రశ్నకి ఒక పిల్ల "నది అలిసిపోయిన చోటు" అని రాసింది. సగం మార్కు ఎక్కువ వేశాను.

సారిక


మొగపాలెం,
జూన్ 24

చిరంజీవి సారికకి,

"మీ ఊరు" అని రాశావు. నువ్వు పుట్టింది ఇక్కడే, నడక నేర్చింది ఇక్కడే. శాలువా కప్పుకున్నాక "మీ ఊరు" అయిపోయినట్టుంది.

శాలువా సంగతి ఎలా తెలిసిందనుకుంటున్నావా? నిన్నటి పేపర్లో పడింది. నువ్వు, నీ పక్కన గణేష్‌బాబు, మధ్యలో దండ. కింద "కలిసికట్టుగా వాతావరణ పోరు" అని రాశారు. ఆ పేపరు చూస్తున్నప్పుడు నేను మన పెద్ద ఆకుమడి గట్టు మీద నిలబడి ఉన్నాను. మడి మీద ఉప్పు తెల్లగా పూసింది. ఆకు చివర్లు మాడిపోయి, గడ్డి కాలిన వాసన వస్తోంది.

నీ లెక్క ప్రకారం జూన్ మొదటి వారంలోనే గింజ చల్లాం. ధవళేశ్వరంలో నీళ్ళు వదిలారని రేడియోలో విన్నాం. అవి మన దాకా రాలేదు. వీరబాబుని సైకిలేసుకుని పైకి చూసి రమ్మన్నాను. వాడు సాయంత్రానికి వచ్చి, "చింతలకోడు దగ్గర గొట్టాలన్నీ చెరువుల్లోకే ఉన్నాయి టీచరుగారూ, కాలవలో కుక్క దాహం తీరదు" అన్నాడు. ఇంజనీరుకి ఫోన్ చేయించాను. "రెండ్రోజులు ఓపిక పట్టండమ్మా" అన్నాడట. నువ్వు రాసిన మాటే. మీరంతా ఒకే బడిలో చదివారా?

పైవాళ్ళు వాళ్ళ ఆకుమళ్ళు ఇప్పుడు తీరిగ్గా పోసుకుంటున్నారు. మనం మళ్ళీ విత్తనం తెచ్చుకుని పొయ్యాలి. అంటే మన కోతలు మళ్ళీ తుఫాను నోట్లోకే. వాళ్ళని నమ్మలేదు, నీ లెక్కని నమ్మాను. అదేం లెక్కే, నీళ్ళు ఎగువ నుంచి దిగువకి వస్తాయని రాసుకున్నావు గానీ మధ్యలో గణేష్‌బాబు ఉన్నాడని రాసుకోలేదు?

ఇంకో మాట కూడా రాస్తున్నాను, మీ కమిటీలో చదివి వినిపించు. ఈ ఏడాది మొగపాలెం మొగ కొట్టదు. మీ ప్లాన్‌లో లేదు కదా, చెయ్యకపోతే మీకు లోటేం ఉంది?

సంపూర్ణమ్మ
సర్పంచ్


రాజమండ్రి,
జూలై 2

అత్తా,

ఎప్పుడూ లేనిది నాకు రాసే ఉత్తరం కింద "సర్పంచ్" అని రాశావు. అది చూశాక పొద్దంతా పని చెయ్యలేకపోయాను.

ఆ ఫొటో ఏప్రిల్‌ది. ఖాళీగా ఉన్న పేజీ నింపడానికి ఇప్పుడు వేశారు. ఆ శాలువా ఆ రోజే మా కాలేజీలో ఊడ్చే ఆవిడకి ఇచ్చేశాను. అయినా ఇది సంజాయిషీ ఎందుకో, దండ వేయించుకున్నది నిజమే కదా. వద్దనడానికి నోరు రాలేదు.

నీ ఉత్తరం రాగానే చింతలకోడు వెళ్ళాను. గణేష్‌బాబు గారు వరండాలో ఉయ్యాల మీద ఉన్నారు.

"శివారుకి ముందు నీళ్ళని సంతకం పెట్టారు కదండీ" అన్నాను.

"పెట్టానండి. ఎవరు కాదన్నారు? కానీ చేపపిల్ల వచ్చేసిందండి లారీలో. దానికి నోరు లేదు కదండీ, ఆగమంటే ఆగదు."

"ఆకుమడికీ నోరు లేదండీ."

"మీరు భలే మాట్లాడతారు మేడమ్" అని కాఫీ తెమ్మన్నారు. తాగలేదు. తాగకపోవడం వల్ల ఆయనకి పోయిందేమీ లేదు, ఆ కాఫీ కూడా ఆయనే తాగేశారు.

ఈసారి మొగ కొట్టబోమన్న నీ మాట చెప్పాను. ఆయన నవ్వారు. "వాళ్ళ కోపం వారం రోజులండి. ఏటా కొట్టేవాళ్ళు ఈ ఏడాది ఎందుకు మానేస్తారు, అలవాటైపోయిన చెయ్యి" అన్నారు. అత్తా, ఆ మాటకి నేనే పార పుచ్చుకుని మొగ ఇంకా పూడ్చేద్దామనుకున్నాను.

కానీ బస్సులో వస్తుంటే వేరే ఆలోచన వచ్చింది. వాన పడి నీరు దిగకపోతే ముందు మునిగేది ఆయన వరండా కాదు. అది మూడడుగుల ఎత్తున ఉంది. మునిగేది ఆ ఊళ్ళోనే కోడు పక్కనున్న పేట. అక్కడ మన చిన్నత్త ఉంది. నీ సొంత చెల్లెలు చిన్నమ్మాయి మట్టిగోడ ఇల్లు ఉంది. గణేష్‌బాబు మీద కసి చిన్నత్త ఇంటి మీద తీర్చుకుంటామా?

ఊళ్ళో మగాళ్ళు మొండికేసి ఉంటారు, అది నాకు తెలుసు. వాళ్ళ మొండితనానికి నువ్వు సంతకం పెట్టకు. నీ మాట అంటే వాళ్ళకి గురి. చెప్పి ఒప్పించు.

నీ
సారిక


మొగపాలెం,
జూలై 30

సారికా,

నువ్వు పేపర్లో చూసే ఉంటావు గానీ పేపర్లో రాసేది నాకు తెలుసు. నేను చూసింది రాస్తాను.

శుక్రవారం నుంచి వాన. కోడు పొంగి వెనక్కి తన్నింది. ఆదివారం సాయంత్రానికి ఆరూళ్ళ సర్పంచులూ కార్లేసుకుని వచ్చారు. ఇంజనీరు కూడా ఉన్నాడు. కార్లు సరుగుడు తోట దగ్గర ఇసకలో కూరుకుపోయాయి. వెంట తెచ్చిన పొక్లెయిన్ ఇంకాస్త ముందుకొచ్చి ఒక పక్కకి ఒరిగి కూర్చుంది. అక్కణ్ణించి నడిచారు. వాళ్ళు నడవడం నేను పుట్టాక మొదటిసారి చూశాను.

గణేష్‌బాబు రొప్పుతూ, "టీచరుగారూ, మనమంతా ఒకటి కదండీ" అన్నాడు.

చిట్టియ్య చేతులు కట్టుకుని, "ఒకటేనండి బాబూ. చెప్పులు అక్కడ వదిలేసి రండి, ఇసకలో దిగిపోతాయి" అన్నాడు.

"ఎక్కడ తవ్వాలయ్యా?" అని ఇంజనీరు.

"ఏడూళ్ళ ప్లాన్‌లో చూడండి బాబూ, రాసే ఉంటారు."

ఆడవాళ్ళు నవ్వారు. నేను నవ్వలేదు. ఇప్పటి నుంచీ నీళ్ళ వంతు శివారు నుంచి మొదలవ్వాలని అక్కడే అడిగాను. గణేష్‌బాబు సరే అన్నాడు. భయంతో అన్నాడు. ప్రేమతో అని ఉంటే నేను నమ్మేదాన్ని కాదు. అప్పుడు చిట్టియ్య పాటు వచ్చే దాకా ఆగి, గీత గీసి చూపించాడు. ఆరుగురు సర్పంచుల చేతికీ పారలిచ్చాం. పార పట్టుకోవడం ఒక్కడికి రాదు. తెల్ల పంచెలు మోకాళ్ళ దాకా బురద. ఇంజనీరుకి చేతులు బొబ్బలెక్కాయి. మనవాళ్ళూ దిగాక మేట తెగి నీరు సముద్రంలోకి దూకింది. ఆ చప్పుడు నా చెవిటి చెవులకి కూడా వినిపించింది.

ఇంత వరకూ గొప్పగా రాశాను. ఇక మిగిలింది రాయలేక రెండు సార్లు కలం కింద పెట్టేశాను.

నువ్వు ఊళ్ళో మగాళ్ళు మొండికేశారని రాశావు. తప్పు. శుక్రవారం వాన మొదలవగానే చిట్టియ్య పదిమందిని వెంటబెట్టుకుని పారలతో నా గుమ్మంలోకి వచ్చాడు. "పోనీలెండి టీచరుగారూ, పైన మనోళ్ళు కూడా ఉన్నారు, కొట్టేద్దాం" అన్నాడు. ఆపింది నేను. "పైవాళ్ళు తమ కాళ్ళతో వచ్చే దాకా ఒక్క పార లేవడానికి వీల్లేదు" అన్నాను. మనవాళ్ళకి ఇష్టం లేదు. నా మాట మీద గురి కొద్దీ ఆగారు.

ఆదివారం పొద్దున ఆరాధన వేళ చిన్నమ్మాయి ఇంటి గోడ కూలింది. కాలి మీద పడింది. కాకినాడ పెద్దాసుపత్రిలో ఉంది. తొడ ఎముక విరిగింది. ఇదివరకటిలా నడవదంటున్నారు.

నువ్వు ముందే రాశావు. చిన్నమ్మాయి పేరు పెట్టి మరీ రాశావు. ఆ ఉత్తరం నా దిండు కింద ఉంది. చదివి కూడా ఆపాను.

నేను చేసింది తప్పా? చదువుకున్నదానివి, చెప్పు. పాస్టరుగారిని అడిగితే ప్రార్థన చేస్తారు. నాకు ప్రార్థన వద్దు, జవాబు కావాలి.

మీ అత్త


రాజమండ్రి,
ఆగస్టు 10

అత్తా,

కాకినాడ వెళ్ళి వచ్చాను. చిన్నత్త మంచం కిటికీ పక్కన ఉంది. కాలికి బరువు కట్టి వేలాడదీశారు. నేను బత్తాయిలు వొలుస్తూ కూర్చుంటే తనే మొదలుపెట్టింది.

"అక్క ఆపిందంట కదా."

అబద్ధం చెప్పలేకపోయాను.

"మనవరాలు ఫోన్లో చూపించింది, గణేష్‌బాబు పార పట్టుకుని ఇసకలో బోర్లా పడ్డం. కడుపుబ్బ నవ్వానే. నవ్వితే కాలు కదిలింది. అప్పుడు ఏడ్చాను."

నా చేతిలోంచి బత్తాయి తొన తీసుకుని, "అక్కని రావొద్దని చెప్పు" అంది. నేను గుమ్మం దాటుతుంటే పిలిచి, "రాకపోతే మాత్రం ఊరుకోనని చెప్పు" అంది. రెండూ చెప్పమంది, రెండూ రాస్తున్నాను.

నిన్న కమిటీ కూర్చుంది. హోటల్లో కాదు, చింతలకోడు పంచాయితీ ఆఫీసు బెంచీల మీద. ఫ్లెక్సీ లేదు, ఫ్యాను కూడా సరిగా తిరగలేదు. నువ్వు రాలేనని మొగపాలెం తరఫున చిట్టియ్యని పంపావు కదా, గణేష్‌బాబు గారు లేచి అతనికి కుర్చీ జరిపారు. రెండో పంట దాళ్వాకి నీళ్ళ వంతు శివారు నుంచే మొదలు. చెరువుల గొట్టాలకి తాళాలు, తాళం చెవి శివారు ఊళ్ళ దగ్గర. మొగ కొట్టడానికి ఊరికి పదిమంది చొప్పున ఏడూళ్ళ నుంచీ రావాలి. గొడవ పడ్డారు, అరుచుకున్నారు, ఒకాయన బయటికి వెళ్ళి మళ్ళీ వచ్చాడు. ఈ ఏడాది మొత్తంలో వీళ్ళు కలిసి పని చేయడం అంటే ఏమిటో నేను చూసింది నిన్ననే. ఆ మనుషుల మీద నాకు గౌరవం ఇప్పటికీ పుట్టలేదు. కుర్చీ జరుపుతున్నప్పుడు కూడా గణేష్‌బాబు గారి కళ్ళు వాన మబ్బు ఎక్కడుందా అని కిటికీలోంచి చూస్తూనే ఉన్నాయి. కానీ రాసుకున్నది ఈసారి జరుగుతుందనే నా నమ్మకం. మన రెండో నాటు ఆలస్యమైనా, నవంబరు ఎలా ఉన్నా, వచ్చే ఏడు మన గింజ ముందు ఇంటికొస్తుంది.

ఇక నువ్వడిగింది.

శుక్రవారమే మొగ కొట్టి ఉంటే చిన్నత్త నడిచేది. అందులో అనుమానం లేదు. శుక్రవారమే కొట్టి ఉంటే నిన్న ఆ ఆఫీసులో ఎవరూ కూర్చునేవాళ్ళు కాదు. గణేష్‌బాబు ఉయ్యాల మీదే ఉండేవారు, మనం ఏటా కొడుతూనే ఉండేవాళ్ళం, ఏటా మన పనలు నానుతూనే ఉండేవి. అందులోనూ అనుమానం లేదు. మన ఊరి గింజ ఒక పక్కన, చిన్నత్త కాలు ఒక పక్కన పెట్టి తూచమంటున్నావు. వాన నీరు ఎంత పడుతుందో, ఎటు పోతుందో పిల్లలకి బోర్డు మీద గీసి చెప్పగలను. ఇది నాకు రావడం లేదు.

నువ్వు తప్పు చేశావని రాసి కొట్టేశాను. చెయ్యలేదని రాసి అదీ కొట్టేశాను. చిన్నత్త మొహం గుర్తొస్తే ఒకలా, చిట్టియ్య కుర్చీలో కూర్చోవడం గుర్తొస్తే ఇంకోలా అనిపిస్తోంది. నిన్ను ఓదార్చడానికి ఏదో ఒకటి రాసేస్తే నీకు తెలిసిపోతుంది. నాకు తెలియదు అత్తా. ఇన్ని రోజులు ఆలోచించినా నాకు తెలియలేదు.

శనివారం పొద్దున్నే వస్తాను. కాకినాడ ఇద్దరం కలిసి వెళ్దాం.

సారిక